అనంత పరిమాణ మానిఫోల్డ్‌కి ఇన్ని నిర్వచనాలా? థీసిస్‌లో ఏది రాయాలి?

కిరణ్_వంపులు:

నమస్తే అందరికీ. హైదరాబాద్‌లో పిహెచ్‌డి రెండో ఏడు చేస్తున్నాను. ఆకుల అంచులు ఫొటో తీసి, ఒక ఆకారం ఇంకో ఆకారానికి ఎంత దూరంలో ఉందో కొలిచే గ్రూపు మాది. వేప, రావి, మోదుగ ఆకులు మా డేటా. మిగతావాళ్ళు కోడ్ రాస్తారు, నా వంతుకు జ్యామితి వచ్చింది.

ఒక్కో అంచును, అంటే సమతలంలో ఒక్కో మూసిన వంపును, ఒక బిందువుగా తీసుకుంటే ఆ బిందువులన్నీ కలిసి అనంత పరిమాణ మానిఫోల్డ్ (దగ్గర్నుంచి చూస్తే వెక్టర్ స్పేస్‌లా కనిపించేది) అవుతాయని చదివిన ప్రతి పేపర్లోనూ మొదటి పేజీలోనే ఉంటుంది. ఏ అర్థంలో మానిఫోల్డ్ అన్నది మాత్రం పేపరుకో రకంగా ఉంది. ఒకాయన బనాఖ్ స్పేస్ మీద చార్టులు పెడతాడు. ఇంకొకాయన ఫ్రెషే స్పేస్ అంటాడు. మూడో ఆయన 'కన్వీనియెంట్' స్పేస్ అంటాడు, అక్కడ స్మూత్ మ్యాప్ కంటిన్యువస్ కాకపోయినా ఫరవాలేదట! ఇంకో చోట చార్టులే లేవు, డిఫియాలజీ అట.

నా సందేహాలు ఇవి. బనాఖ్‌తో సరిపెట్టుకుంటే ఏం పోతుంది? ఫ్రెషే వాళ్ళ స్మూత్, కన్వీనియెంట్ వాళ్ళ స్మూత్ ఒకటేనా? చివరికి థీసిస్ రెండో అధ్యాయంలో ఏ నిర్వచనం రాయాలి? మా గైడ్‌ను అడిగితే "ఫ్రెషే అని రాసెయ్, ఎవరూ అడగరు" అన్నారు. వైవాలో అడిగితే ఏం చెప్పాలన్నదే నా టెన్షన్.

వసుంధర_వరంగల్:

కిరణ్ గారూ, మీ గైడ్ చెప్పిన జవాబు సరైనదే. కారణం చెప్పలేదు, అంతే. నా పిహెచ్‌డి ఈ ఊబిలోనే జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఒక మాట. చార్టుల సంగతి ఎక్కడా మారదు. ఒక సెట్, దాన్ని కప్పే ముక్కలు, ఒక్కో ముక్కను ఏదో ఒక వెక్టర్ స్పేస్‌లోని ఓపెన్ సెట్‌తో జతచేసే మ్యాప్, రెండు ముక్కలు కలిసినచోట మార్పిడి మ్యాపులు స్మూత్‌గా ఉండాలన్న షరతు. గొడవంతా రెండు విషయాల దగ్గరే: ఆ వెక్టర్ స్పేస్ ఎలాంటిది, స్మూత్ అంటే ఏమిటి. ఆర్-ఎన్‌లో, అంటే ఎన్ కోఆర్డినేట్ల మామూలు స్పేస్‌లో, ఈ రెండింటికీ తలా ఒక జవాబే ఉంది కాబట్టి ఎమ్మెస్సీలో ఎవరూ మనల్ని ఈ ప్రశ్న అడగలేదు.

బనాఖ్ స్పేస్ తీసుకున్నారనుకోండి. నార్మ్ ఉంది, కంప్లీట్‌నెస్ ఉంది. డెరివేటివ్ అంటే ఒక లీనియర్ ఆపరేటర్, దానికీ నార్మ్ ఉంది. కాంట్రాక్షన్ మ్యాపింగ్ సూత్రం పనిచేస్తుంది కాబట్టి ఇన్వర్స్ ఫంక్షన్ థీరమ్ వస్తుంది, అవకలన సమీకరణాలకు పరిష్కారం ఉంటుంది, అది ఒక్కటే ఉంటుంది. ఎంత హాయిగా నడుస్తుందంటే, 1962లో సెర్జ్ లాంగ్ మానిఫోల్డ్ల పాఠ్యపుస్తకం రాసినప్పుడు మొదటి నుంచే బనాఖ్ స్పేస్‌ల మీద రాశాడు, ఆర్-ఎన్ దగ్గర ఆగలేదు.

ఇంత బాగుంటే ఎందుకు వదలాలి? డిఫియోమార్ఫిజమ్‌ల వల్ల, అంటే తామూ, తమ ఇన్వర్స్‌లూ డిఫరెన్షియబుల్ అయిన మ్యాపుల వల్ల. వృత్తం నుంచి వృత్తానికి వెళ్ళే, కె సార్లు డిఫరెన్షియేట్ చేయగల డిఫియోమార్ఫిజమ్‌లను తీసుకోండి. ఇవి సి-కె అనే బనాఖ్ స్పేస్ మీద చక్కగా మానిఫోల్డ్ అవుతాయి. ఇప్పుడు రెండింటిని కలపండి: ముందు రెండోది, తర్వాత మొదటిది. రెండోదాన్ని కొంచెం కదిపితే ఫలితం ఎంత కదులుతుంది? చెయిన్ రూల్ ప్రకారం మొదటిదాని డెరివేటివ్‌తో గుణించాలి. కానీ ఆ డెరివేటివ్ కె-1 సార్లకే డిఫరెన్షియబుల్. మీరు సి-కె లో మొదలుపెట్టి సి-కె-మైనస్-1 లో తేలారు. కాబట్టి ఆ గ్రూపులో కాంపోజిషన్ కంటిన్యువస్ అవుతుంది, డిఫరెన్షియబుల్ కాదు. ఒక డెరివేటివ్ జారిపోయింది. కె ఎంత పెద్దదైనా ఇదే కథ.

తెలివిగా వేరే బనాఖ్ స్పేస్ ఎంచుకుంటే సరిపోతుందేమో అనుకుంటారు. సరిపోదు. కనెక్టెడ్ బనాఖ్ లీ గ్రూపు (గ్రూపు లెక్కలు స్మూత్‌గా ఉండే బనాఖ్ మానిఫోల్డ్) ఒకటి పరిమిత పరిమాణం ఉన్న కాంపాక్ట్ మానిఫోల్డ్ మీద స్మూత్‌గా, ట్రాన్సిటివ్‌గా, ఎఫెక్టివ్‌గా పనిచేస్తే ఆ గ్రూపే పరిమిత పరిమాణంది అయితీరాలని 1978లో ఒమోరి నిరూపించాడు. వృత్తం డిఫియోమార్ఫిజమ్‌ల గ్రూపు ఇలా పనిచేసేదే, పైగా అనంత పరిమాణంది. అంటే బనాఖ్ దారి ఇంకా ఎవరూ కనుక్కోకపోవడం కాదు, ఆ దారే లేదు.

మరి కె ని అనంతానికి తీసుకెళ్తే? సి-ఇన్ఫినిటీలో ఎన్ని డెరివేటివ్‌లు జారిపోయినా నష్టం లేదు, ఎప్పుడూ ఇంకా మిగిలే ఉంటాయి. కాంపోజిషన్ స్మూత్ అవుతుంది. కానీ ఈ స్పేస్‌కి ఒక్క నార్మ్ చాలదు, లెక్కించదగిన సంఖ్యలో సెమీనార్మ్‌లు కావాలి. ఇదే ఫ్రెషే స్పేస్. ఇక్కడ మూల్యం చెల్లించాలి.

మొదటి మూల్యం ఇన్వర్స్ ఫంక్షన్ థీరమ్. రియల్ లైన్ మీది కంటిన్యువస్ ఫంక్షన్లన్నీ తీసుకుని, ప్రతి కాంపాక్ట్ ముక్క మీద యూనిఫాం కన్వర్జెన్స్ టోపాలజీ పెట్టండి. ఇదొక ఫ్రెషే స్పేస్. ఒక ఫంక్షన్ ఇస్తే దాని ఎక్స్‌పొనెన్షియల్‌ను తిరిగిచ్చే మ్యాప్ చూడండి. సున్నా దగ్గర దాని డెరివేటివ్ ఐడెంటిటీ, ఇంతకంటే మంచి డెరివేటివ్ ఉండదు. అయినా దాని ఇమేజ్ 1 అనే స్థిర ఫంక్షన్ చుట్టూ ఉన్న ఏ నెయిబర్‌హుడ్‌నూ కప్పదు. ఎందుకంటే ఆ నెయిబర్‌హుడ్‌లో ఎక్కడో దూరాన నెగటివ్‌గా మారే ఫంక్షన్లు ఉంటాయి, ఎక్స్‌పొనెన్షియల్ ఎప్పుడూ పాజిటివ్.

రెండో మూల్యం అవకలన సమీకరణాలు. 0 నుంచి 1 వరకు ఉన్న స్మూత్ ఫంక్షన్ల స్పేస్‌లో, కాలంతో మార్పు రేటు ఆ ఫంక్షన్ డెరివేటివ్‌కి సమానం అనే సమీకరణం రాయండి. లీనియర్, కంటిన్యువస్, అమాయకంగా కనిపించే సమీకరణం. పరిష్కారం అంటే మొదటి ఫంక్షన్‌ను ఎడమవైపుకి జరపడమే. జరిపినప్పుడు కుడిచివర 1 దాటిన భాగం లోపలికి వస్తుంది, దాన్ని మీ ఇష్టం వచ్చినట్టు స్మూత్‌గా పొడిగించుకోవచ్చు. అంటే మొదటి స్థితి ఒకటే, పరిష్కారాలు అనంతం.

మూడోది నాకు భలే ఇష్టం. వృత్తాన్ని ఒక చుట్టులో 1/100 వంతు తిప్పండి. దానిపైన, సమాన దూరంలో ఉన్న 100 బిందువులను వదిలేసి మిగతావాటిని చిటికెడు ముందుకు నెట్టండి. ఈ మ్యాప్‌ను 100 సార్లు చేస్తే ఆ 100 బిందువులు ఇంటికి చేరతాయి, మిగతావి దాటిపోతాయి. ఈ మ్యాప్ ఏదైనా వెక్టర్ ఫీల్డ్ ప్రవాహంలో భాగమైతే, ఫిక్స్‌డ్ పాయింట్ లేదు కాబట్టి ఆ ఫీల్డ్‌కి సున్నాలు ఉండవు, కాబట్టి ఆ ప్రవాహం కోఆర్డినేట్లు మారిస్తే శుద్ధ భ్రమణమే. భ్రమణంలో ఒక బిందువు 100 సార్లకు ఇంటికొస్తే అన్నీ రావాలి. ఇక్కడ రాలేదు. 100 స్థానంలో ఎంత పెద్ద సంఖ్య పెట్టినా, నెట్టడం ఎంత చిన్నదైనా ఇదే వాదన నిలుస్తుంది. అంటే ఐడెంటిటీకి ఎంత దగ్గరగా వెళ్ళినా ఎక్స్‌పొనెన్షియల్ మ్యాప్ (వెక్టర్ ఫీల్డ్ ప్రవాహాన్ని ఒక యూనిట్ కాలం నడిపి వచ్చే మ్యాప్‌ను ఇచ్చేది) అందుకోలేని డిఫియోమార్ఫిజమ్‌లు ఉంటాయి. పరిమిత పరిమాణ లీ గ్రూపులో ఇది ఊహించను కూడా లేం.

ఇక మీ రెండో ప్రశ్న. ఫ్రెషే స్పేస్‌లో డెరివేటివ్‌ను ఆపరేటర్‌గా తీసుకుని ఆపరేటర్ల స్పేస్‌లో కంటిన్యుటీ అడగడం కుదరదు, ఆ ఆపరేటర్ల స్పేస్‌కి మంచి టోపాలజీ లేదు. అందుకని ఇలా చేస్తారు: ప్రతి బిందువులో, ప్రతి దిశలో డైరెక్షనల్ డెరివేటివ్ ఉండాలి, అది బిందువు, దిశ రెండూ కలిపి చూస్తే కంటిన్యువస్ కావాలి. అదే పని మళ్ళీ మళ్ళీ. 1964లో బాస్తియాని పెట్టిన నిర్వచనం ఇది, 1982లో హామిల్టన్ నాష్-మోజర్ థీరమ్ మీద రాసిన పెద్ద వ్యాసంలోనూ, 1984లో మిల్నర్ అనంత పరిమాణ లీ గ్రూపుల మీద రాసిన దాంట్లోనూ వాడింది ఇదే. బనాఖ్ స్పేస్‌లో దీన్ని వాడితే సి-1 అన్నచోట పాత నిర్వచనం కంటే కొంచెం బలహీనం, సి-ఇన్ఫినిటీకి వెళ్ళేసరికి రెండూ ఒకటే.

కన్వీనియెంట్ వాళ్ళ దారి వేరు. ఆర్-ఎన్ మీద ఒక ఫంక్షన్ స్మూత్ అవునో కాదో తెలుసుకోవడానికి దాన్ని స్మూత్ కర్వ్‌ల వెంట నడిపించి చూస్తే చాలని 1967లో బోమన్ నిరూపించాడు. ఫ్రోలిషర్, క్రీగ్ల్, మీషోర్ దాన్నే నిర్వచనంగా తీసుకున్నారు: స్మూత్ కర్వ్‌లను స్మూత్ కర్వ్‌లుగా పంపేదే స్మూత్ మ్యాప్. లాభం ఏమిటంటే రెండు చరరాశుల స్మూత్ మ్యాప్, ఒక చరరాశి నుంచి ఫంక్షన్ల స్పేస్‌లోకి వెళ్ళే స్మూత్ మ్యాప్ ఒకటే అవుతాయి. ఇది లేక మిగతాచోట్ల ఎంత ఏడుస్తామో! మీరు ఆశ్చర్యపోయిన విషయం నిజమే. ఒక స్పేస్, దాని డ్యూయల్ (దాని మీది కంటిన్యువస్ లీనియర్ ఫంక్షనల్‌ల స్పేస్) తీసుకుని, వెక్టర్‌నూ ఫంక్షనల్‌నూ కలిపి విలువ కట్టే మ్యాప్ ఇక్కడ స్మూత్. కానీ ఆ స్పేస్‌కి నార్మ్ లేకపోతే మామూలు ప్రోడక్ట్ టోపాలజీలో అది కంటిన్యువస్ కాదు.

మీకు కావలసిన వాక్యం ఇదిగో: ఫ్రెషే స్పేస్‌ల మధ్య ఈ రెండు స్మూత్‌లూ ఒకటే. ఫ్రెషే దాటి, ఉదాహరణకు కాంపాక్ట్ సపోర్ట్ ఉన్న టెస్ట్ ఫంక్షన్ల స్పేస్‌కి వెళ్తేనే విడిపోతాయి. మీ వృత్తం కాంపాక్ట్, కాబట్టి మీరు అక్కడికి వెళ్ళరు. పైగా వృత్తం నుంచి సమతలానికి వెళ్ళే స్మూత్ మ్యాపులన్నీ కలిసి ఒక ఫ్రెషే స్పేస్. వేగం ఎక్కడా సున్నా కాని వంపులు అందులో ఓపెన్ సెట్. మీ మానిఫోల్డ్‌కి ఒక్క చార్టు చాలు! ఏ నిర్వచనం రాసినా అది మానిఫోల్డే.

ప్రవాహం_72:

మేడమ్ చాలా బాగా రాశారు. కానీ ఫ్లూయిడ్స్ వైపు నుంచి ఒక మాట. డెరివేటివ్ జారిపోతుందని బనాఖ్‌ను అంత తేలిగ్గా కొట్టిపారేయకండి.

నీటిలాంటి, కుదించలేని ద్రవం కదలిక అంటే ఘనపరిమాణం (సమతలంలో వైశాల్యం) చెడని డిఫియోమార్ఫిజమ్‌ల గ్రూపులో జియోడెసిక్ (దగ్గరి బిందువుల మధ్య అతి పొట్టి దారిలాంటిది) అని 1966లో ఆర్నాల్డ్ చెప్పాడు. జియోడెసిక్ అంటే అవకలన సమీకరణం, ఫ్రెషేలో దానికి గ్యారంటీ లేదని పైన చూశాం. 1970లో ఎబిన్, మార్స్‌డెన్ సోబొలెవ్ క్లాస్ (ఒక ఆర్డర్ దాకా డెరివేటివ్‌ల వర్గాలను ఇంటిగ్రేట్ చేయగల) డిఫియోమార్ఫిజమ్‌లు తీసుకున్నారు. సమతలంలాంటి రెండు పరిమాణాల చోట సోబొలెవ్ ఆర్డర్ 2 కంటే ఎక్కువ ఉంటే చాలు, హిల్బర్ట్ మానిఫోల్డ్ (నార్మ్ ఇన్నర్ ప్రోడక్ట్ నుంచి వచ్చే బనాఖ్ స్పేస్ మీద కట్టింది) వస్తుంది. అది లీ గ్రూపు కాదు: కుడి నుంచి కాంపోజిషన్ స్మూత్, ఎడమ నుంచి కంటిన్యువస్ మాత్రమే. అయినా జియోడెసిక్ సమీకరణం ఆ హిల్బర్ట్ మానిఫోల్డ్ మీద స్మూత్ వెక్టర్ ఫీల్డ్‌గా బయటపడింది. పాయిలర్ సమీకరణాన్ని మామూలుగా చూస్తే అందులో ఒక డెరివేటివ్ అదనంగా కనిపిస్తుంది, ద్రవంతో పాటు కదిలే కోఆర్డినేట్లలో అది మాయమవుతుంది. ఇక పికార్డ్ థీరమ్ (అవకలన సమీకరణానికి పరిష్కారం ఉంటుంది, ఒక్కటే ఉంటుంది అనేది) వేసుకోవడమే. మొదటి వేగం స్మూత్ అయితే పరిష్కారం కూడా అంతే కాలం స్మూత్‌గా ఉంటుంది, కాబట్టి చివరికి ఫ్రెషే వాళ్ళకు కావలసింది కూడా దక్కింది.

పైన 'పాయిలర్' కాదు, ఆయిలర్. ఫోన్ కీబోర్డు.

టోపో_రాజు:

ఇంత చర్చ ఎందుకండీ, టోపాలజీ వాళ్ళను అడిగితే ఒక ముక్కలో చెప్పేవాళ్ళం కదా. సెపరబుల్ ఫ్రెషే స్పేస్‌లు, అనంత పరిమాణం ఉంటే, అన్నీ ఒకదానికొకటి హోమియోమార్ఫిక్ (టోపాలజీ లెక్కలో ఒకటే). ఎల్-2 హిల్బర్ట్ స్పేస్, లెక్కించదగినన్ని రియల్ లైన్ల ప్రోడక్ట్ హోమియోమార్ఫిక్ అని 1966లో ఆండర్సన్ నిరూపించడంతో ఆ ప్రశ్న తీరిపోయింది. వాటి మీద కట్టిన సెపరబుల్, మెట్రైజబుల్ మానిఫోల్డ్ ఏదైనా ఎల్-2 లోని ఒక ఓపెన్ సెట్టే అని 1969లో హెండర్సన్. స్మూత్ కావాలా? సెపరబుల్ హిల్బర్ట్ మానిఫోల్డ్ ఏదైనా హిల్బర్ట్ స్పేస్‌లోని ఓపెన్ సెట్‌కి డిఫియోమార్ఫిక్ అని 1970లో ఐల్స్, ఎల్‌వర్తీ. హిల్బర్ట్ స్పేస్ తన యూనిట్ స్ఫియర్‌కే డిఫియోమార్ఫిక్ అని 1966లోనే బెస్సాగా చూపించాడు. అంటే హిల్బర్ట్ మానిఫోల్డ్‌ల ప్రపంచంలో వంకర అనేదే లేదు, అన్నింటికీ ఒక్క చార్టు చాలు. కిరణ్ గారి వంపులకే ప్రత్యేకం కాదు ఆ గౌరవం!

కిరణ్_వంపులు:

అందరికీ ధన్యవాదాలు. వసుంధర గారూ, ఒక్క చార్టు అనగానే ప్రాణం లేచొచ్చింది, మళ్ళీ కూర్చుంది. ఎందుకంటే నాకు కావలసింది వంపు కాదు, ఆకారం. ఒకే అంచును తొడిమ దగ్గర మొదలుపెట్టి గీసినా, కొన దగ్గర మొదలుపెట్టి గీసినా, మెల్లగా గీసినా, వేగంగా గీసినా ఒకే ఆకు. అంటే వృత్తం డిఫియోమార్ఫిజమ్‌ల గ్రూపుతో భాగించాలి. అప్పుడు కూడా మానిఫోల్డ్ ఉంటుందా? ఇంకోటి, రాజు గారు చెప్పినట్టు అన్నీ ఓపెన్ సెట్‌లే అయితే అసలు నేను ఏం చదువుతున్నట్టు?

వసుంధర_వరంగల్:

రాజు గారు చెప్పినవన్నీ నిజాలే, కానీ అందులో దూరం అన్న మాట లేదు చూశారా? ఆ డిఫియోమార్ఫిజమ్‌లు మెట్రిక్‌ను పట్టించుకోవు. మీరు చేసేదంతా మెట్రిక్. హిల్బర్ట్ స్పేస్‌లో ఒక ఎలిప్సాయిడ్ తీసుకోండి: మొదటి అర్ధ-అక్షం పొడవు 1, రెండోది 1½, మూడోది 1⅓, ఇలా ఎన్‌వది 1+1/ఎన్. మొదటి అక్షం రెండు కొసల మధ్య దారి వెతకండి. ఎన్‌వ అక్షం వైపుగా వెళ్తే అర్ధ ఎలిప్స్, దాని పొడవు అర్ధవృత్తం కంటే కొంచెం ఎక్కువ, ఎన్ పెరిగేకొద్దీ తగ్గుతూ పోతుంది, అర్ధవృత్తం పొడవును ఎప్పటికీ అందుకోదు. అతి పొట్టి దారి అనేది లేదు. పూర్తిగా కంప్లీట్ అయిన మానిఫోల్డ్, హాప్ఫ్-రినో థీరమ్ (కంప్లీట్ అయితే రెండు బిందువుల మధ్య అతి పొట్టి దారి ఉంటుందనేది) అక్కడే బోల్తా పడింది. 1965లో గ్రోస్‌మన్ ఇచ్చిన ఉదాహరణ ఇది. డిఫియోమార్ఫిజం వరకే చూస్తే అది ఉట్టి హిల్బర్ట్ స్పేస్!

ఇప్పుడు ఆకారాలు. తనను తాను ఖండించుకోని వంపులే తీసుకుంటే, మీ ఆకు అంచులు అలాంటివే కాబట్టి, భాగించాక వచ్చేది చక్కటి ఫ్రెషే మానిఫోల్డ్. చార్టు ఎలా ఉంటుందో చూడండి. ఒక ఆకు అంచును ఖరారు చేసుకోండి. దాని మీద ప్రతి బిందువు దగ్గర లంబంగా ఒక చిన్న గీత గీయండి. దగ్గర్లో ఉన్న ఇంకో ఆకు అంచు ప్రతి గీతనూ ఒక్కచోట ఖండిస్తుంది. ఎంత ఎత్తులో ఖండించిందో రాసుకుంటే వృత్తం మీద ఒక ఫంక్షన్ వస్తుంది. ఆ ఫంక్షనే మీ కోఆర్డినేట్.

ఇక మార్పిడి మ్యాప్. మొదటి ఆకు బదులు రెండో ఆకును ఆధారంగా తీసుకుంటే లంబ గీతలు మారతాయి. మూడో ఆకు అంచు కొత్త గీతలను వేరే చోట్ల ఖండిస్తుంది. కొత్త ఎత్తు ఫంక్షన్ రావాలంటే పాత ఎత్తు ఫంక్షన్‌ను, తన మీదే ఆధారపడిన ఒక రీపారామెట్రైజేషన్‌తో కాంపోజ్ చెయ్యాలి. మళ్ళీ ఆ కాంపోజిషనే! సి-కె లో ఇది కంటిన్యువస్, డిఫరెన్షియబుల్ కాదు. సి-ఇన్ఫినిటీలో స్మూత్. మీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది, ఒమోరి దాకా కూడా వెళ్ళక్కర్లేదు. సి-కె ఆకారాలకు ఈ చార్టులతో స్మూత్ బనాఖ్ మానిఫోల్డ్ నిర్మాణమే రాదు. వైవాలో అడిగితే బోర్డు మీద రెండు ఆకులు గీసి చూపించండి, ఎగ్జామినర్ నోరెత్తడు.

ఖండించుకునే వంపులను కూడా ఉంచుకుంటానంటే ఒక చిక్కుంది. వృత్తాన్ని రెండుసార్లు చుట్టే వంపును తీసుకోండి. పారామీటర్‌ను సగం చుట్టు జరిపితే వంపు మారదు. అంటే ఆ వంపును కదపని రీపారామెట్రైజేషన్ ఒకటుంది, భాగించాక అక్కడ మొన తేలుతుంది. ఆర్బిఫోల్డ్ లాంటిది వస్తుంది, మానిఫోల్డ్ కాదు. సెర్వెరా, మాస్కరో, మీషోర్ 1991లో దీన్ని పూర్తిగా లెక్కతేల్చారు. ఆకులకు అక్కర్లేదు, వదిలేయండి. (రావి ఆకు కొనను స్మూత్ అని ఎలా అంటున్నారో మాత్రం అది మీరూ మీ కెమెరా తేల్చుకోండి.)

అసలు ప్రమాదం దూరం దగ్గర ఉంది. రెండు చిన్న కదలికలను గుణించి వంపు పొడవు వెంబడి కూడే ఎల్-2 మెట్రిక్ అందరికీ ముందు తడుతుంది. 2005లో మీషోర్, మమ్‌ఫర్డ్ చూపించింది ఏమిటంటే, ఆకారాల స్పేస్‌లో ఆ మెట్రిక్‌తో ఏ రెండు ఆకారాల మధ్యనైనా దూరం సున్నా. చిన్నది కాదు, సున్నా. రంపపు పళ్ళలా వంపును ముడుచుకుంటూ వెళ్తే దారి పొడవును ఎంతైనా తగ్గించవచ్చు. వేపాకు, మోదుగాకు ఒకటే అయిపోతాయి. ఫ్రెషే మానిఫోల్డ్ మీద రీమానియన్ మెట్రిక్ ఎప్పుడూ బలహీనమైనదే. టాంజెంట్ స్పేస్ టోపాలజీని ఒక్క ఇన్నర్ ప్రోడక్ట్ పుట్టించలేదు. అందుకే ఇలాంటి వింతలు.

దీనికి మందు వంపు రెండో డెరివేటివ్‌ను కూడా లెక్కలోకి తీసుకునే సోబొలెవ్ మెట్రిక్. ఆర్డర్ 2 లేదా అంతకంటే ఎక్కువైతే సమతల వంపుల మీద జియోడెసిక్‌లు ఎంతకాలమైనా సాగుతాయని 2014లో బ్రూవెరిస్, మీషోర్, మమ్‌ఫర్డ్ నిరూపించారు. నిరూపణ ఎలా వెళ్తుందనుకున్నారు? ప్రవాహం గారు చెప్పిన దారే: సోబొలెవ్ వంపులకు, అంటే హిల్బర్ట్ మానిఫోల్డ్‌కి వెళ్ళి, అక్కడ పికార్డ్ వేసి, స్మూత్‌కి దిగడం. కాబట్టి ఆకారాల స్పేస్‌ను కట్టడానికి మీకు ఫ్రెషే కావాలి, దాని మీద థీరమ్ నిరూపించడానికి హిల్బర్ట్ కావాలి. రెండూ రాయండి, ఎక్కడ ఏది వాడారో చెప్పండి.

చార్టులెందుకు:

ఇంత కష్టం చార్టులు పట్టుకుని వేలాడటం వల్లే. సూరియో 1980 ప్రాంతంలో చెప్పిన డిఫియాలజీలో చార్టే అక్కర్లేదు. ఏదైనా సెట్ తీసుకుని, ఆర్-ఎన్‌ల ఓపెన్ సెట్‌ల నుంచి అందులోకి వచ్చే ఏ మ్యాపులు స్మూత్ అన్నది చెప్తే చాలు. షరతులు మూడే: స్థిర మ్యాపులు ఉండాలి, ముక్కముక్కలుగా చూసి తేల్చగలగాలి, స్మూత్ మ్యాప్‌తో కాంపోజ్ చేస్తే లోపలే ఉండాలి. భాగహారం, సబ్‌సెట్, ఫంక్షన్ల స్పేస్ అన్నీ ఉచితం. రెండు చుట్ల వృత్తం దగ్గర మొన తేలినా ఎవరికీ ఇబ్బంది లేదు. టోరస్‌ను ఇర్రేషనల్ వాలు గీతతో భాగిస్తే టోపాలజీ చేతులెత్తేస్తుంది, ఓపెన్ సెట్‌లు రెండే మిగులుతాయి. డిఫియాలజీకి మాత్రం ఒక వాలుకీ ఇంకో వాలుకీ తేడా తెలుస్తుంది. ఫ్రెషే మానిఫోల్డ్‌లు కూడా అందులో ఏ సమాచారం పోకుండా ఇమిడిపోతాయి, లోసిక్ 1992లోనే చూపించాడు. కిరణ్ గారూ, ఇదే రాయండి.

వసుంధర_వరంగల్:

సూరియో అంటే నాకూ గౌరవమే, ఇర్రేషనల్ టోరస్ అందమైన ఉదాహరణ. కానీ కిరణ్ గారికి మూడేళ్ళలో జియోడెసిక్‌లు కావాలి. డిఫియాలజీలో టాంజెంట్ వెక్టర్‌కే ఒకటికి మించి నిర్వచనాలున్నాయి, అవి అన్నిచోట్లా ఒకే జవాబు ఇవ్వవు. పికార్డ్ లేదు, ఇన్వర్స్ ఫంక్షన్ లేదు. అన్నింటినీ లోపలికి రానిచ్చే నిర్వచనంలో అందరి గురించీ చెప్పగలిగే థీరమ్‌లు తక్కువే ఉంటాయి. ఆయన సెట్‌ను ఎవరూ అడ్డుకోవడం లేదు, మంచి మానిఫోల్డే అది. ఉన్న చార్టులను పారేసుకోవడం దేనికి?

పోతే ఇది కొత్త గొడవ కూడా కాదు. 1854 జూన్‌లో గోటింగెన్‌లో రీమాన్ తన ఉపన్యాసంలో, స్థానం చెప్పడానికి పరిమిత సంఖ్యలో కొలతలు సరిపోని బహుత్వాలు కూడా ఉన్నాయని ఒక మాట అని, ఉదాహరణలు ఇచ్చి వదిలేశాడు. ఒక ప్రాంతం మీది ఫంక్షన్లన్నీ ఒక ఉదాహరణ. ఇంకోటి, ఒక రూపానికి సాధ్యమైన ఆకారాలన్నీ. మీ థీసిస్ టాపిక్కే!

కిరణ్_వంపులు:

రీమాన్ సంగతి తెలియదు, ముందుమాటలో పెట్టేస్తాను. రెండో అధ్యాయం మొదలు ఇలా రాశాను, చూస్తారా? "ఈ థీసిస్‌లో మానిఫోల్డ్ అంటే ఫ్రెషే స్పేస్‌ల మీద చార్టులున్న హాస్‌డార్ఫ్ స్పేస్, మార్పిడి మ్యాపులు బాస్తియాని అర్థంలో స్మూత్. మన స్పేస్‌లన్నీ ఫ్రెషే కాబట్టి కన్వీనియెంట్ అర్థంలోనూ ఇదే. నాలుగో అధ్యాయంలో జియోడెసిక్‌ల కోసం ఆర్డర్ 2 సోబొలెవ్ వంపుల హిల్బర్ట్ మానిఫోల్డ్‌కి మారతాం." ఇంకేమైనా చేర్చాలా? పార్టిషన్ ఆఫ్ యూనిటీ (ముక్కల మీది పనిని కలిపి కుట్టడానికి వాడే, మొత్తం 1 అయ్యే ఫంక్షన్లు) వాడుకోవచ్చా?

వసుంధర_వరంగల్:

బాగుంది. హిల్బర్ట్‌కి మారేచోట ఒక వాక్యం చేర్చండి: అక్కడ రీపారామెట్రైజేషన్ గ్రూపు కంటిన్యువస్‌గా మాత్రమే పనిచేస్తుంది, అందుకని భాగించే పని స్మూత్ వైపే చేస్తున్నాం అని. ఎగ్జామినర్ కచ్చితంగా అక్కడ ఆగుతాడు.

పార్టిషన్ ఆఫ్ యూనిటీ వాడుకోవచ్చు. మీ మోడల్ స్పేస్, వృత్తం మీది స్మూత్ ఫంక్షన్ల స్పేస్, న్యూక్లియర్ ఫ్రెషే స్పేస్. వాటిలో స్మూత్ పార్టిషన్ ఆఫ్ యూనిటీ దొరుకుతుంది. మానిఫోల్డ్ మీదికి తీసుకెళ్ళడానికి అది పారాకాంపాక్ట్ అని ఒక లైను రాయండి. తమాషా ఏమిటంటే 0 నుంచి 1 వరకు కంటిన్యువస్ ఫంక్షన్ల బనాఖ్ స్పేస్‌లో ఒక్క సి-1 బంప్ ఫంక్షన్ (ఒక చిన్న చోటు బయట అంతటా సున్నా అయ్యేది) కూడా లేదు. ఈ ఒక్కచోట మాత్రం నార్మ్ ఉన్నవాళ్ళకంటే మీరే అదృష్టవంతులు. నిరూపణ క్రీగ్ల్, మీషోర్ 1997 పుస్తకంలో ఉంది, పార్టిషన్‌ల అధ్యాయం చూడండి. దొరక్కపోతే చెప్పండి, నా నోట్సు స్కాన్ చేసి పంపుతాను, చేతిరాత మాత్రం భరించాలి.